మట్టినంతా ఎత్తుకుపోకండి: నెల్లూరు జిల్లా చెరువుల నీటి సంఘాలకు బహిరంగ లేఖ

నెల్లూరు జిల్లా చెరువుల నీటి సంఘాల అధ్యక్షులకు, సభ్యులందరికీ నమస్కారం.

ఇంకో రెండు మూడు నెలల్లో మన చెరువులు అడుగంటుతాయి. రోహిణీ కార్తె నాటికి నెర్రెలిచ్చిన నేల మీదికి జేసీబీలు దిగుతాయి, టిప్పర్లు వరస కడతాయి. ఆ బండ్లు దిగకముందే మీకొక మాట చేరాలని ఈ లేఖ రాస్తున్నాను. పూడిక తీయొద్దని అడగడం లేదు. తీయాల్సిందే. పూడిపోయిన చెరువు ఆయకట్టు చివరి ఎకరాకు నీళ్ళివ్వలేదని మీకంటే బాగా ఎవరికి తెలుసు? నేను అడిగేది ఒక్కటే. చెరువు గర్భంలో నాలుగో వంతు నేలను ఆ ఏడాదికి తాకకుండా వదిలిపెట్టండి. ఎందుకో చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను కోవూరు వైపు ఒక చిన్న ఆక్వా ల్యాబ్ నడుపుతున్నాను. రైతులు పొద్దున్నే సీసాల్లో తెచ్చే గుంట నీళ్ళు పరీక్షించి చెప్పడం పంతొమ్మిదేళ్ళుగా నా పని. ఉప్పెంత, పీహెచ్ ఎంత, అమ్మోనియా ఎంత, ప్లాంక్టన్ ఏముంది. ఈ ప్లాంక్టన్ అనే మాట మన చేపల రైతులకు, రొయ్యల రైతులకు కొత్తది కాదు. "నీళ్ళు రంగు తిరిగినాయి, ప్లాంక్టన్ పట్టింది" అని వాళ్ళే అంటుంటారు. తెలుగు పుస్తకాల్లో ప్లవకాలు అని రాస్తారు. ప్రవాహానికి ఎదురీదలేక, నీళ్ళు ఎటు తీసుకుపోతే అటు పోయే సన్నజీవాలన్నిటికీ కలిపి 1887లో విక్టర్ హెన్సెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త పెట్టిన పేరు అది. ఎండను పట్టుకుని తమ తిండి తామే తయారుచేసుకునేవి వృక్ష ప్లవకాలు. వాటిని తిని బతికేవి జంతు ప్లవకాలు. చెరువులో చేప ఉన్నా, కొంగ వాలినా, తూము దగ్గర కప్ప అరిచినా, వాటన్నిటి తిండికీ మొదలు ఇక్కడే.

నాలుగేళ్ళ కిందట మే నెలలో ఒక పని చేశాను. మా ఊరి చెరువు పూర్తిగా ఎండిపోయి ఉంది. గొర్రెల మంద చెరువుకు అడ్డంగా నడిచిపోతోంది. తూముకు వంద గజాల దూరంలో, ఒక నెర్రె అంచున, పైపొర మట్టి దోసెడు తీసుకున్నాను. పెంకులా గట్టిగా ఉంది. నలిపితే పొడి అయింది. ఇంటికి తెచ్చి గాజు సీసాలో వేసి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, వరండాలో వెలుతురు పడే చోట పెట్టాను. కాచిన నీళ్ళు ఎందుకంటే, ఏది పుట్టినా మట్టిలోంచే పుట్టాలి, నీళ్ళతో పాటు రాకూడదు. పోసే ముందు ఆ నీళ్ళను ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి తిరగబోసి గాలి కలిపాను.

మొదటి రోజంతా బురద. రెండో రోజు మట్టి అడుక్కు దిగి నీళ్ళు తేరుకున్నాయి. మూడో రోజు సాయంత్రం ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే రోటిఫర్లు కనిపించాయి. మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా లేని జీవి. దాని తల మీద సన్నటి నూగు వరసలుంటాయి. అవి ఒకదాని వెంట ఒకటి కదులుతుంటే రెండు చక్రాలు గిర్రున తిరుగుతున్నట్టే ఉంటుంది. ఆ సుడికి చుట్టుపక్కల నాచు కణాలు కొట్టుకొచ్చి నోట్లో పడతాయి. లోపల దవడలు ఆగకుండా నములుతుండటం కూడా చూడొచ్చు. ఆరో రోజుకు మైక్రోస్కోపు అక్కర్లేకపోయింది. సీసాను వెలుతురుకెత్తి పట్టుకుంటే ఆవగింజలో సగం కూడా లేని చుక్కలు కుదుపులు కుదుపులుగా పైకి లేచి కిందికి జారుతున్నాయి. అవి మొయినాలు. నీటి ఈగలని అంటారు గానీ ఈగలు కావు, రొయ్యకు దూరపు చుట్టాలు. ఎనిమిదో రోజున ఒకదాన్ని గాజు పలక మీదికి తీసుకున్నాను. దాని పెంకు అద్దంలా ఉంటుంది, లోపలంతా కనిపిస్తుంది. వీపు కింద గుండె కొట్టుకుంటోంది, లెక్కపెట్టబోతే అందనంత వేగంగా. పేగు పొడుగునా పచ్చటి గీత, అప్పుడే తిన్న నాచు. వెనక సంచిలో గుడ్లు, ఒకదానికొకటి ఒత్తుకుని. ఎనిమిది రోజుల కిందట నేను చేతిలో నలిపిన పొడి అది!

ఆ రోజు మా ఇంటికి వచ్చిన పాత లస్కరు మామకు సీసా చూపించాను. ఆయన ముప్పై ఏళ్ళు ఆ చెరువు తూము ఎత్తి దించినవాడు. సీసాను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇదేంది అబ్బయా, ఎండి పెళుసెక్కిన మట్టిలోంచి పానాలు లేసొచ్చినాయే" అన్నాడు. తర్వాత ఆయనన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. "అయితే మట్టి తోలుకుపోయేటప్పుడు ఇయ్యి కూడా పోతాయి గదా?"

మామా, పోతాయి. ఈ లేఖంతా ఆ ప్రశ్నకు జవాబే.

చెరువు ఎండబోతోందని ఈ జీవాలకు ముందే తెలుస్తుంది. నీళ్ళు తగ్గి, వేడెక్కి, తిండి చాలక, ఒకచోట కిక్కిరిసినప్పుడు వాటి తీరు మారుతుంది. మామూలు రోజుల్లో మొయినాల్లో, రోటిఫర్లలో దాదాపు అన్నీ ఆడవే. మగతోడు లేకుండానే పిల్లల్ని కంటుంటాయి. కష్టకాలం రాగానే మగవి పుడతాయి, జత కడతాయి, మందపాటి పెంకు ఉన్న వేరే రకం గుడ్లు పెడతాయి. మొయినాలు, వాటి లాంటి నీటి ఈగలే అయిన డాఫ్నియాలు ఆ గుడ్లను జీను ఆకారంలో ఉండే నల్లటి తొడుగులో భద్రం చేసి వదులుతాయి. సైక్లాప్స్ అనే ఇంకో రకం జంతు ప్లవకాల్లో కొన్ని పిల్ల దశలోనే బురదలో దూరి నిద్రపోతాయి. ఎండ, నెర్రె, గొర్రె డెక్క అన్నీ ఓర్చుకుని అవి అక్కడే పడి ఉంటాయి. చిత్త, స్వాతి కార్తెల్లో ఈశాన్య రుతుపవనాల వాన పడి చెరువులోకి కొత్త నీళ్ళు చేరి, వెలుతురు తగలగానే లేస్తాయి. అన్నీ ఒకేసారి లేవవు. కొన్ని ఈ ఏడు, కొన్ని పై ఏడు, కొన్ని ఇంకో పదేళ్ళకు. ఒక వాన మోసం చేసినా వంశం నిలవడానికి అదొక ఏర్పాటు. మన పెద్దవాళ్ళు విత్తనాల గాదెలో అంతా ఒక్క కారులోనే చల్లకుండా కొంత దాచినట్టు.

ఎంతకాలం దాగి ఉండగలవో తెలిస్తే ఆశ్చర్యపోతారు. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రపు సరస్సుల అడుగు మట్టిలోంచి తీసిన, సైక్లాప్స్‌కు చుట్టమైన డయాప్టమస్ గుడ్లు 300 ఏళ్ళకు పైబడినవి కూడా పొదిగి పిల్లలయ్యాయని 1995లో ప్రకటించారు. అక్కడ చలి, అడుగున ఎప్పుడూ తడి. మన రోహిణి ఎండలకు అంత ఆయుష్షు దొరకదు. అయినా మన చెరువు మట్టిలో కూడా ఒకటి రెండు ఏళ్ళది కాదు, చాలా ఏళ్ళ పంట దాగి ఉంటుంది. బతికున్న గుడ్లలో ఎక్కువ భాగం పైపొరలోనే, జానెడు లోతు లోపలే ఉంటాయి. జేసీబీ తొట్టి మొదటి గీతకే లేచిపోయే మట్టి అదే.

మన తాతలు పూడిక తీయలేదా అని మీరు అడగొచ్చు. తీశారు. ఎద్దులబండ్ల మీద చెరువు మట్టి పొలాలకు తోలుకున్నారు. ఒక బండి ఇక్కడ తవ్వింది, ఇంకో బండి అక్కడ తవ్వింది. ఎవరి పొలానికి దగ్గరున్న చోటు వాళ్ళు తీసుకున్నారు. మధ్య మధ్యలో తాకని నేల ఎప్పుడూ మిగిలేది. ఇప్పుడు యంత్రం ఒక మూల మొదలుపెట్టి ఇంకో మూల తేల్చేదాకా ఆగదు. పదిహేను రోజుల్లో గరప నేల కనిపిస్తుంది. తేడా అంతా అక్కడే ఉంది.

మా చెరువులో అదే జరిగింది. నేను సీసా పెట్టిన మరుసటి వేసవిలో పని తీసుకున్నవాళ్ళు వచ్చి అంచు నుంచి అంచుకు తవ్వేశారు. మట్టి పొలాలకు పోయింది కొంతే. మిగతాది ఇళ్ళ స్థలాల మెరకకు పోయింది. ఆ ఏడు వానలు మంచిగా పడ్డాయి, చెరువు నిండి కలుజు పారింది, ఊరంతా సంతోషించింది. నేనూ సంతోషించాను. డిసెంబరులో తెప్ప మీద నడిమికి పోయి, ప్లాంక్టన్ వల కట్టుకుని, 50 లీటర్ల నీళ్ళు కొలిచి వడగట్టాను. వల అడుగున చేరినదాన్ని గాజు గొట్టంలో తేర్చితే, అంతకు ముందు ఏళ్ళలో ఒక మిల్లీలీటరుకు తగ్గని చోట, ఆ రోజు గోటి అంచంత పొర కూడా రాలేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. చూసేవాళ్ళకు ముచ్చటగా ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన వేసవిలో అదే చోట, తూముకు వంద గజాల దూరంలో, మళ్ళీ దోసెడు మట్టి తెచ్చి సీసా పెట్టాను. ఆరో రోజు ఏమీ లేదు. పదో రోజుకు రెండు రకాల రోటిఫర్లు వచ్చాయి. మొయినా రాలేదు. నెల రోజులు సీసా అలాగే ఉంచాను.

చెరువు ఎల్లకాలం ఖాళీగా ఉండదు. కాలువ నీళ్ళతో పైచెరువు నుంచి కొన్ని వస్తాయి. బాతులు, కొంగలు కాళ్ళకంటిన బురదలో, ఈకల్లో, పొట్టలో కూడా ఈ గుడ్లను ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు మోసుకొస్తాయి. కానీ ముందుగా వచ్చి నిలదొక్కుకునేవి ఎక్కడైనా బతికే నాలుగైదు రకాలే. ఇరవై ముప్పై రకాలు చేరి, ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని, చెరువు మళ్ళీ చెరువు కావడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోపు మళ్ళీ టెండరు పిలుస్తాం.

రకాలు ఎందుకు, సంఖ్య ఉంటే చాలదా అని ఒక చేపల రైతు నన్ను సూటిగానే అడిగాడు. చాలదు. పాత చెరువు నీళ్ళ చుక్క ఒకటి మీకు చూపించగలిగితే బాగుండు. పిడియాస్ట్రమ్ అని ఒక పచ్చ నాచు ఉంటుంది, అచ్చం వాకిట్లో పెట్టిన చుక్కల ముగ్గులా, గుండ్రంగా, అంచున కొమ్ములతో. డెస్మిడ్లు ఉంటాయి, ఒకే కణం నడుమ సన్నబడి అటూ ఇటూ ఒకేలా, అద్దంలో చూసుకుంటున్నట్టు. గాజు పెంకు కట్టుకునే డయాటమ్‌లు పడవల్లా జారిపోతుంటాయి. వాల్వాక్స్ పచ్చటి బంతిలా దొర్లుతుంటే దాని కడుపులో పిల్ల బంతులు దొర్లుతుంటాయి. యూగ్లీనా ఎర్ర చుక్క కన్నుతో వెలుతురు వైపు ఈదుతుంది. వీటి మధ్య రోటిఫర్లు, మొయినా, డాఫ్నియా, రెండు గుడ్ల సంచులు చెరో పక్కన వేలాడేసుకుని ఉలిక్కిపడినట్టు దూకే సైక్లాప్స్. పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నా నాకు తనివి తీరలేదు.

ఒకే నీళ్ళలో, ఒకే ఎండకు, అవే ఎరువులకు పోటీపడే ఇన్ని రకాలు కలిసి ఎలా బతుకుతున్నాయి, గెలిచినదొక్కటే మిగలాలి కదా అని 1961లో హచిన్సన్ అనే పెద్ద శాస్త్రవేత్త ప్రశ్న వేశాడు. ఆయన చూపిన దారిలో ఒక ముఖ్యమైన సంగతి ఇది: ఏ ఒక్కటీ పూర్తిగా గెలిచేంత కాలం నీళ్ళు ఒకేలా ఉండవు. మన చెరువు చూడండి. అక్టోబరులో ఎర్రటి కొత్త నీళ్ళు, ధనుర్మాసంలో చల్లటి తేట నీళ్ళు, ఏప్రిల్లో ఉడికిపోయే నీళ్ళు. ఒక్కో వేళ ఒక్కో రకానిది పైచేయి. ఒకటి తగ్గితే దాని పని చేయడానికి ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి ఊళ్ళు మునిగినప్పుడు చెరువుల్లో చేరిన బురద నీళ్ళలో వారాల పాటు వెలుతురు దిగలేదు. అప్పుడు నా దగ్గరికి వచ్చిన సీసాల్లో నాచు దాదాపు లేదు, రోటిఫర్లే ఉన్నాయి. సంక్రాంతికల్లా నీళ్ళు తేరి పాత రకాలు మళ్ళీ కనిపించాయి. అడుగు మట్టిలో విత్తనం ఉంది కాబట్టి.

చేపకైతే ఈ రకాలే తిండి గింజలు. బొచ్చె పైనీళ్ళలో నోరు తెరిచి జంతు ప్లవకాలను వడగట్టుకుంటుంది. శీలావతి నడిమి నీళ్ళలో నాచును ఏరుకుంటుంది. మోసు అడుగున రాలినదాన్ని తింటుంది. గుడ్డులోంచి వచ్చిన చేపపిల్లకు మూడు రోజులు పొట్ట కింది సంచిలో తిండి ఉంటుంది. అది కరిగిన రోజున దాని నోటికి పట్టే ముద్ద రోటిఫరే. వారం తర్వాత నోరు పెరిగితే మొయినా కావాలి. మనం తెచ్చి వదిలే పిల్లలు ఆ వయసు దాటి వస్తాయి, పెట్టిన మేతతోనో గడ్డితోనో బతుకుతాయి. కానీ ఎవరూ వదలకుండా చెరువులో తమంతట తామే పుట్టే కొర్రమీను, జెల్ల, వాలుగ, పరిగెలు ఉన్నాయే, వాటి పిల్లలకు ఆ వారంలో ఆ ముద్ద దొరక్కపోతే ఇంకేదీ లేదు. పులుసులోకి పరిగెలు దొరకడం లేదని మా అమ్మ అంటుంటే నాకు ఆ ఖాళీ గాజు గొట్టమే గుర్తొస్తుంది.

ఇక రెండో మాట. రకాలు తగ్గిన చెరువు ఏ ఒక్కదానికైనా సులువుగా లొంగుతుంది. పోయినేడు ఫిబ్రవరిలో, మా చెరువు చేపల పాట పాడుకున్నవాళ్ళు నీళ్ళు మరీ తేటగా ఉన్నాయని, ప్లాంక్టన్ పట్టాలని, కోళ్ళ పెంట ట్రాక్టర్లతో తెచ్చి పోశారు. వాళ్ళ ఆలోచన చేపల గుంటలకు సరిపోయేదే, అక్కడ కొలత ఉంటుంది. ఇక్కడ కొలత లేదు, వచ్చిన పచ్చదనాన్ని తిని అదుపులో పెట్టే పెద్ద మొయినాలు, డాఫ్నియాలూ లేవు. మూడో వారానికి పొద్దున పూట నీళ్ళ మీద పచ్చ రంగు డబ్బా ఒలికినట్టు తెట్టు కట్టింది. మైక్రోస్కోపు కింద చూస్తే ఇక వేరే రకం ఏదీ లేదు, అంతా మైక్రోసిస్టిస్. నీలి ఆకుపచ్చ నాచంటారు గానీ నిజానికి అదొక బాక్టీరియా. కణాల్లో గాలి బుడగలు పెట్టుకుని పైకి తేలుతుంది, కింది వాటికి ఎండ తగలనివ్వదు. గుంపులు కట్టి ఉంటుంది గనుక చిన్న జీవాలు దాన్ని మింగలేవు. పగలంతా నీళ్ళలో ఆక్సిజన్ ఉన్నట్టే ఉంటుంది. రాత్రి ఆ నాచే దాన్ని పీల్చేస్తుంది. ఒకరోజు తెల్లవారుజామున చేపలు తలలెత్తి నోళ్ళు తెరిచాయి. పొద్దెక్కేసరికి కట్ట పొడుగునా తెల్లగా తేలాయి. గేదెలు నీళ్ళకు మూతి ఆనించి వెనక్కి తీసుకున్నాయి.

గేదెలు తాగకపోవడమే మంచిదైంది. మైక్రోసిస్టిస్ రకాల్లో చాలావాటిలో కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ అనే విషం ఉంటుంది. ఇలాంటి తెట్టు కట్టిన నీళ్ళు తాగి పశువులు చనిపోయిన సంగతి 1878లోనే ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రీనా సరస్సు దగ్గర నమోదైంది. ఆ విషం కాచినా పోదు. మనుషులు రోజూ తాగే నీళ్ళలో లీటరుకు ఒక మైక్రోగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మైలతుత్తం చల్లితే తెట్టు చస్తుంది గానీ, చచ్చేటప్పుడు కణాలు పగిలి లోపలి విషమంతా ఒకేసారి నీళ్ళలో కలుస్తుంది. పశువులు తాగే చెరువులో, ఊరికి నీళ్ళందించే వేసవి చెరువులో దయచేసి ఆ తొందరపాటు చేయవద్దు.

ప్లవకాలన్నీ మనకు మేలు చేసేవేనని చెప్పి మిమ్మల్ని ఒప్పించాలని నాకు లేదు. మా అవ్వ దిగుడుబావి నీళ్ళు చీరచెంగు రెండు మడతలు పెట్టి వడగట్టేది. నీళ్ళతో ఒంట్లో చేరే పురుగు వల్ల వచ్చే నారికురుపు భయం. ఆ పురుగును మనిషికి చేరవేసింది సైక్లాప్సే. నీళ్ళు వడగట్టుకోవడం, బావులు బాగుచేయడం, మందు వేయడం అన్నీ కలిసి 1996 తర్వాత దేశంలో ఆ జబ్బు ఒక్కరికీ రాలేదు. 2000లో భారతదేశం నారికురుపు లేని దేశమని ప్రకటించారు. అదే సైక్లాప్స్ కుటుంబంలోని మీసోసైక్లాప్స్‌ను వియత్నాం పల్లెల్లో నీళ్ళ తొట్లలో వేసి డెంగీ దోమ పిల్లల్ని తినిపించారు, ఎన్నో ఊళ్ళలో డెంగీ అణిగిపోయింది. ఏది ఎక్కడ ఎంత ఉందో తెలుసుకోవాలి, అంతే. తెలుసుకోకుండా తుడిచేయకూడదు.

తెలుసుకున్నవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆచార్య వై. రంగారెడ్డి గారు దశాబ్దాల పాటు తెలుగునేల చెరువుల్లో, బావుల్లో, బోరు నీళ్ళలో సైక్లాప్స్, డయాప్టమస్ వంటి కోపిపాడ్ జీవాలను వెతికి, అంతకు ముందు సైన్సుకు తెలియని జాతులెన్నిటినో ప్రపంచానికి పరిచయం చేశారు. మన జిల్లాలోనే ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. సోమశిలలో 78 టీఎంసీలు పడతాయని, కండలేరులో 68 పడతాయని మన ఊళ్ళో చదువుకునే పిల్లలు కూడా చెబుతారు. మన ఊరి చెరువులో ఎన్ని రకాల ప్రాణులున్నాయో మాత్రం ఏ రిజిస్టరులోనూ ఒక్క వరస లేదు.

మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఈ విషయంలో అడగదగినవాళ్ళు ఇంకెవరూ లేరు. 2017 చిత్తడినేలల పరిరక్షణ నియమాలు సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులను తమ పరిధిలోంచి తీసేశాయి. పక్షుల సరస్సుకు ఉన్న రక్షణ మన చెరువుకు లేదు. ఉన్నదల్లా 1997 చట్టం. రైతులే ఎన్నుకున్న సంఘం చేతికి చెరువు బాగోగులు అప్పజెప్పింది అదే. తవ్వేటప్పుడు ఎక్కడ తవ్వాలో గీత గీసే రోజున చెరువులో నిలబడేది మీరు.

కాబట్టి ఆ రోజు ఇలా చేయమని వేడుకుంటున్నాను. కట్ట దగ్గరి లోతు నుంచి ఎదురు ఒడ్డు దాకా ఒక పట్టీ, చెరువులో నాలుగో వంతు వచ్చేలా, సున్నం పోసి గుర్తు పెట్టండి. ఒక మూలన వదిలేస్తే చాలదు. గుడ్లు ఎక్కువగా లోతులో చేరతాయి, వెలుతురు తగిలి పొదిగేది మెరక నీళ్ళలో. రెండూ ఆ పట్టీలో ఉండాలి. ఈ ఏడు వదిలిన పట్టీని మూడు నాలుగేళ్ళ తర్వాత, మిగతా చోట మట్టి మళ్ళీ కూడుకున్నాక తీసుకోవచ్చు. వీలైతే తవ్వే చోట కూడా పైపొర జానెడు మట్టిని ముందు విడిగా గీకి పక్కన పోయించి, పని ముగిశాక కొంతైనా తిరిగి పరిపించండి. ఒక రోజు యంత్రం కూలి అదనంగా అవుతుంది. కాంట్రాక్టు కాగితంలోనే ఆ మాట రాయించండి, నోటిమాటగా చెబితే టిప్పరు తోలే పిల్లవాడు వినడు.

చేపల పాట పెట్టేటప్పుడు కోళ్ళ పెంట, వ్యర్థాలు పోయకూడదని షరతు పెట్టండి. పిల్లల్ని మితిమీరి వదలనివ్వకండి. చేపలు ఎక్కువైతే పెద్ద మొయినాలు, డాఫ్నియాలే ముందు అయిపోతాయి, తర్వాత పచ్చదనానికి పగ్గం ఉండదు. గట్టు మీద పురుగుమందు డబ్బాలు, స్ప్రేయర్లు కడిగే అలవాటు మానిపించండి. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో కొత్త రసాయనం నీళ్ళకు ఎంత విషమో తేల్చడానికి డాఫ్నియాను అందులో వేసి 48 గంటలు చూస్తారు. అంత సున్నితమైన ప్రాణి అది. ఉప్పు బోర్లతో సాగే రొయ్యల గుంటల నీళ్ళు మంచినీటి కాలువలోకి వదిలితే కూడా ముందు పోయేది అదే.

చూసుకోవడం కష్టం కాదు. జానెడు వెడల్పు స్టీలు పళ్ళెం ఒకదానికి తెలుపు, నలుపు రంగులు ఎదురెదురు పావుల్లో వేసి, నడుమ తాడు కట్టి, మధ్యాహ్నం పూట నీళ్ళలోకి దించండి. కనిపించకుండా పోయే లోతును తాడు మీద ముడి వేసి కొలవండి. 1865లో ఇటలీలో సెక్కి అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ ఇంతకంటే చవకైనది రాలేదు. చేపల గుంటకు ముప్పై నలభై సెంటీమీటర్లు బాగున్నట్టు లెక్క. చెరువుకు అంతకంటే ఎక్కువ లోతు కనిపించినా ఫరవాలేదు. కానీ పది పదిహేనుకు పడిపోయిందంటే తెట్టు రాబోతున్నట్టే. నెలకోసారి ఆ అంకె మినిట్స్ పుస్తకంలో రాయించండి. బడి పిల్లలకు అప్పజెబితే వాళ్ళు ఒక్క నెల కూడా మరిచిపోరు.

రకాలు చూసిపెట్టడం నా పని. జిల్లాలో ఏ నీటి సంఘం అడిగినా, తవ్వకముందు ఒకసారి, నిండాక ఒకసారి, డబ్బు తీసుకోకుండా చూసి కాగితం మీద రాసిస్తాను. తవ్వబోయే చెరువు మధ్యలోంచి ఒక దోసెడు, ఒడ్డు దగ్గర్నుంచి ఒక దోసెడు పైపొర మట్టి తీసి వేరువేరు గుడ్డ సంచుల్లో కట్టండి. ప్లాస్టిక్ సంచుల్లో కట్టొద్దు, చెమ్మ పట్టి దారిలోనే కొన్ని పొదుగుతాయి. ఏ చెరువు, ఏ చోటు, ఏ రోజు అని చీటీ రాసి లోపల వేయండి. మే మొదటి వారం లోపల అందితే, యంత్రాలు దిగేలోపు మీ చెరువు మట్టిలో ఏమేమి నిద్రపోతున్నాయో మీ కళ్ళతో మీకు చూపిస్తాను.

ఇట్లు,
కోవూరు వైపు నుంచి ఒక ఆక్వా ల్యాబ్ మనిషి